దిక్సూచి నుంచి జీపీఎస్ దాకా: లోహం, వేడి, చలి కొలతల్ని ఎలా మారుస్తాయి? – తరచుగా అడిగే ప్రశ్నలు

పడవలు నడిపేవాళ్లు, కొండలెక్కేవాళ్లు, డ్రోన్లు ఎగరేసేవాళ్లు, పాత ఓడ సామగ్రి సేకరించేవాళ్లు... చేతిలో పరికరాలు వేరైనా వీళ్లంతా అడిగే సందేహాలు మళ్లీ మళ్లీ అవే. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ పోయే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా జవాబు అక్కడికక్కడే పూర్తవుతుంది. వరసగా చదవనక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. పరికరం కాస్త తప్పు చూపినంత మాత్రాన భయపడక్కర్లేదు. రోజుకు మూడు సెకన్లు వెనకబడే గడియారం రోజూ కచ్చితంగా ఆ మూడే వెనకబడితే దాన్ని నమ్ముకుని సముద్రం దాటొచ్చు. ఆ మూడు మనకు తెలియకుండా ఇవాళ ఐదు, రేపు ఒకటి అవుతుంటేనే ముప్పు. అలా మార్చేవాటిలో వేడిది మొదటి స్థానం. ఆ వేడికి ఎంత లొంగాలన్నది పరికరం దేనితో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

## మొదట అర్థం చేసుకోవాల్సినవి

ఉష్ణోగ్రతలో ఒకటి రెండు డిగ్రీల తేడాకే దారి తప్పుతామా? మరీ ఎక్కువ చేసి చెప్పడం లేదా?

ఏ పరికరం గురించి అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. దిక్సూచికి రెండు డిగ్రీలు లెక్కే కాదు. గడియారానికి మాత్రం చాలా ఎక్కువ. మామూలు ఉక్కు హెయిర్‌స్ప్రింగ్ (సన్నని చుట్ట స్ప్రింగు), అది ఊపే ఇత్తడి బ్యాలెన్స్ చక్రం ఉన్న గడియారం ఏ దిద్దుబాటూ లేకపోతే ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కినందుకు రోజుకు దాదాపు 11 సెకన్లు వెనకబడుతుంది. సముద్రంలో రేఖాంశం కనుక్కోవాలంటే గడియారం చూపే రేవు సమయాన్ని స్థానిక సమయంతో పోల్చాలి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి గడియారంలో 4 సెకన్ల తప్పు అంటే రేఖాంశంలో ఒక కోణ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు). భూమధ్యరేఖ దగ్గర అది ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. రేవులో సరిచేసిన గడియారంతో ఐదు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉండే సముద్రంలో నెల రోజులు తిరిగితే తప్పు 400 నాటికల్ మైళ్లు దాటుతుంది. 1714లో బ్రిటిష్ పార్లమెంటు రేఖాంశం కనుక్కునే పద్ధతికి 20,000 పౌండ్ల దాకా బహుమతి ప్రకటించిందంటే ఊరికే కాదు.

వేడికి లోహం సాగుతుంది, అందుకే తప్పు వస్తుంది. అంతే కదా?

సగం మందికి ఉండే అపోహ ఇది. లోలకం ఉన్న గడియారంలో అసలు దోషి వ్యాకోచమే. కానీ స్ప్రింగుతో నడిచే గడియారంలో వ్యాకోచం చిన్న దొంగ మాత్రమే. 18వ శతాబ్దపు గడియారాల నిపుణుడు ఫెర్డినాండ్ బెర్తూ ఈ తప్పును విడదీసి లెక్కగట్టాడు. అందులో ఐదింట నాలుగు వంతులు స్ప్రింగు బిగువు తగ్గడం వల్లే వచ్చింది. వేడెక్కిన ఉక్కు కాస్త మెత్తబడుతుంది, చక్రాన్ని వెనక్కి లాగే బలం తగ్గుతుంది, చక్రం నెమ్మదిగా ఊగుతుంది. చక్రం పెద్దదవడం, స్ప్రింగు పొడవు పెరగడం మిగిలిన చిన్న వాటా.

ఇక పరికరాన్ని బట్టి మిగతా దారులూ ఉన్నాయి. చలికి నూనె చిక్కబడుతుంది. వేడికి అయస్కాంతం బలహీనమవుతుంది. క్వార్ట్జ్ స్ఫటికం కంపించే వేగం మారుతుంది. పరికరంలో అసలేమీ మారకపోయినా అది కొలిచే గాలి, నీరు మారిపోతాయి. చాలామంది మరిచిపోయేది ఈ చివరిదాన్నే.

మొత్తం ఒకే లోహంతో చేస్తే గొడవ ఉండదు కదా?

కోణం కొలిచే పరికరానికి చాలావరకు నిజమే. త్రిభుజాన్ని రెట్టింపు చేసి గీసినా కోణాలు మారవు. అలాగే సెక్స్టంట్ (క్షితిజం నుంచి సూర్యుడు, నక్షత్రాల ఎత్తును కోణంగా కొలిచే పరికరం) చట్రం అంతా ఒకే లోహమై, అంతా ఒకేలా వేడెక్కితే స్కేలు మీద చదివే కోణం మారదు. చిక్కల్లా ఒక పక్క ఎండ, మరో పక్క నీడ పడినప్పుడు. అప్పుడు ఒక పక్కే సాగి చట్రం వంగుతుంది.

కాలాన్ని, పొడవును కొలిచే పరికరాల్లో ఇది పనిచేయదు. ఉక్కు కడ్డీతో చేసిన లోలకం ఒక డిగ్రీకి రోజుకు అర సెకను, ఇత్తడిదైతే దాదాపు 0.8 సెకను వెనకబడుతుంది. అందుకే ఇక్కడ తెలివైన పని రెండు లోహాలను కావాలని పక్కపక్కన పెట్టడం. ఇంగ్లండ్‌కు చెందిన గడియారాల పనివాడు జాన్ హారిసన్ 1720ల్లో ఇత్తడి, ఉక్కు కడ్డీలను జాలీలా అమర్చాడు. ఒకటి కిందికి సాగితే మరొకటి పైకి సాగి లోలకం పొడవు నిలకడగా ఉంటుంది. తర్వాత తన మూడో సముద్ర గడియారంలో ఇత్తడి, ఉక్కు రేకులను జతచేసి పట్టీ చేశాడు. వేడికి ఆ పట్టీ వంగుతుంది, ఆ వంపే స్ప్రింగును సర్దుతుంది. ఇప్పటికీ ఎన్నో థర్మోస్టాట్లలో ఉండేది ఈ ద్విలోహ పట్టీయే. సముద్రంలో దారి వెతుక్కునే అవసరం నుంచి పుట్టిన వస్తువది.

వేడికి మారని మిశ్రలోహాలని ఇన్వార్, ఎలిన్వార్ పేర్లు చెబుతారు. అవి నిజంగా మారవా?

మారతాయి, కానీ చాలా తక్కువ. ఒక మీటరు కడ్డీ పది డిగ్రీలు వేడెక్కితే ఇత్తడిదైతే సుమారు 0.19 మిల్లీమీటర్లు, ఉక్కుదైతే 0.12 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇన్వార్ సాగేది 0.012 మిల్లీమీటర్లే. ఇందులో 36 శాతం నికెల్, మిగతాది దాదాపు అంతా ఇనుమే. 1896లో దీన్ని కనుక్కున్న షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఎలిన్వార్ కూడా ఆయనదే. అందులో క్రోమియం కూడా కలుస్తుంది. దాని గొప్ప పొడవులో లేదు, వేడికి బిగువు తగ్గకపోవడంలో ఉంది. కాబట్టి అది హెయిర్‌స్ప్రింగుకు పనికొచ్చింది.

పాత క్రోనోమీటర్లలో (ఓడల్లో వాడే కచ్చితమైన గడియారాల్లో) ద్విలోహ చక్రం వాడినా ఒక మొండి తప్పు మిగిలిపోయేది. చలిలో, వేడిలో రెండుచోట్లా సరిగ్గా నడిచేలా సర్దితే మధ్య ఉష్ణోగ్రతలో రోజుకు ఒకటి రెండు సెకన్లు ముందుకు పోయేది. దాన్ని తొలగించడానికి తరాల తరబడి గడియారాల పనివాళ్లు చిన్న చిన్న అదనపు భాగాలు తగిలిస్తూ పోయారు. చివరికి దారి చూపింది మెరుగైన యంత్రాంగం కాదు, మెరుగైన లోహం.

ఇన్వార్‌కు లోపాలున్నాయి. అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి దిక్సూచి దరిదాపుల్లోకి రానివ్వకూడదు. కొత్తగా చేసిన ముక్క పొడవు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది.

వేడి దేశాల్లో లోలక గడియారం నెమ్మదిస్తుందని చదివాను. అది వ్యాకోచమేనా?

మీరు చదివింది జాన్ రిషేర్ కథ అయ్యుండాలి. 1672లో ఆయన ఫ్రాన్స్ నుంచి భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్‌కు వెళితే పారిస్‌లో సరిగ్గా నడిచిన గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. వేడి వల్లేనని కొందరు అప్పుడే అన్నారు. ఒకసారి లెక్క వేయండి. ఇనుప కడ్డీ ఒక డిగ్రీకి అర సెకను వెనకబడితే 150 సెకన్లు వెనకబడాలంటే 300 డిగ్రీలు వేడెక్కాలి. అంత వేడిలో రిషేరే మిగలడు. అసలు కారణం గురుత్వాకర్షణ. భూమి నడుము దగ్గర ఉబ్బి ఉండటం, తిరగడం వల్ల అక్కడ అది కొంచెం తక్కువ. న్యూటన్ ఈ కొలతను తన వాదనకు వాడుకున్నాడు. ప్రతి తప్పునూ వేడి మీదకు నెట్టే ముందు అంకె వేసి చూడటం మంచి అలవాటు.

## కొనేటప్పుడు

ప్లాస్టిక్ సెక్స్టంట్ కొనవచ్చా? ఇత్తడి, అల్యూమినియంలో ఏది మేలు?

నేర్చుకోవడానికి, అత్యవసరానికి పడవలో ఉంచుకోవడానికి ప్లాస్టిక్‌ది నిక్షేపంలా పనికొస్తుంది. ఒకే షరతు: ప్రతి కొలతకు ముందు, తర్వాత ఇండెక్స్ ఎర్రర్ (కోణం సున్నా ఉండాల్సినప్పుడు స్కేలు చూపే తేడా) చూసుకోవాలి. ప్లాస్టిక్ లోహం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది. అంతకంటే ముఖ్యంగా, వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు. ఎండ పడ్డ పక్క వేడిగా, రెండో పక్క చల్లగా ఉండిపోయి చట్రం మెలితిరుగుతుంది. ఒక కోణ నిమిషం తప్పు అంటే ఒక నాటికల్ మైలు కాబట్టి అర గంటలో రెండు మూడు నిమిషాలు జరిగితే తేలిగ్గా తీసుకోలేం.

ఇత్తడి, కంచు, అల్యూమినియం మిశ్రమాల మధ్య ఎంచుకోవాల్సి వస్తే వ్యాకోచం అంకెలు చూసి తీర్మానించకండి. ఆ లెక్కన అల్యూమినియం ఇత్తడి కంటే కాస్త ఎక్కువే సాగుతుంది. అయినా మంచి అల్యూమినియం సెక్స్టంట్ కొలతలో వెనకబడదు. చట్రం అంతా ఒకే లోహం, వేడి త్వరగా అంతటా సర్దుకుంటుంది, బరువు తక్కువ కాబట్టి ఊగే పడవలో చేయి వణకదు. ఇత్తడికి గాలిలో స్థిరంగా నిలబడే బరువు ఉంటుంది. నన్నడిగితే లోహం పేరు కంటే అద్దాల బిగింపులు, మైక్రోమీటర్ డ్రమ్ము (కోణ నిమిషాలు చదివే చిన్న చక్రం) పనితనం చూసి కొనమంటాను.

దిక్సూచిలో ఏ అయస్కాంతం ఉందో అడగాలా?

అక్కర్లేదు. వేడెక్కితే అయస్కాంతం బలం తగ్గే మాట నిజం. నియోడిమియం అయస్కాంతం ఒక డిగ్రీకి దాదాపు 0.1 శాతం కోల్పోతుంది, చల్లబడగానే తిరిగి తెచ్చుకుంటుంది. అయితే బలం తగ్గితే ముల్లు మందకొడిగా తిరుగుతుందే తప్ప చూపే దిక్కు మారదు. మామూలు రకం నియోడిమియాన్ని 80 డిగ్రీలు దాటి వేడి చేస్తే మాత్రం కొంత బలం శాశ్వతంగా పోవచ్చు.

పాత చెక్క ఆక్టంట్ (సెక్స్టంట్‌కు ముందు తరం పరికరం) దొరికింది. దాంతో కొలవవచ్చా?

సరదాకు కొలవండి, నమ్ముకోకండి. ఎబొనీ చట్రం, దంతపు స్కేలు ఉన్న ఆ పరికరాలకు వేడి కంటే గాలిలో తేమ పెద్ద శత్రువు. చెక్క నిలువునా పెద్దగా మారదు కానీ అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. దంతమూ అంతే. ఆ రెండూ ఒకేలా కదలవు కాబట్టి స్కేలు వంపు తిరిగి ఉంటుంది. అలాగని చెక్కను చులకన చేయొద్దు. వడ్రంగం నేర్చిన హారిసన్ తన తొలి గడియారాల్లో లిగ్నమ్ వైటే అనే చేవ కర్రను బేరింగులకు వాడాడు. ఆ కర్రలోనే జిడ్డు ఉంటుంది కాబట్టి వేరే నూనె వేయక్కర్లేదు. నూనె లేకపోతే చలికి చిక్కబడేదీ ఏమీ లేదు.

సెన్సర్ డబ్బా మీద ‘టెంపరేచర్ కాంపెన్సేటెడ్’ అని ఉంటే నమ్మొచ్చా?

కొంతవరకే. డ్రోన్లలో, ఫోన్లలో ఉండే చిన్న జైరోలు (తిరుగుడును కొలిచేవి), యాక్సెలరోమీటర్లు (వేగంలో మార్పును కొలిచేవి) సిలికాన్‌తో చెక్కినవి. వేడికి సిలికాన్ బిగువు మారుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవచం దాన్ని ఒత్తుతుంది. తయారీదారు ఆ మార్పును వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కొలిచి పట్టికగా సెన్సర్‌లో దాచి తీసేస్తాడు. ప్రతిసారీ ఒకేలా వచ్చే తప్పు అలా పోతుంది. ఒకసారి వేడెక్కి, చల్లబడి, మళ్లీ అదే ఉష్ణోగ్రతకు వచ్చాక వేరేగా చూపే భాగం ఉంటుంది చూడండి, అది పోదు. ఉష్ణోగ్రత వేగంగా మారుతున్నప్పుడు వచ్చే తప్పూ పోదు.

అది ఎంతో చిన్నగా కనిపిస్తుంది కానీ పేరుకుపోతుంది. గురుత్వాకర్షణలో వెయ్యో వంతు అంత తప్పు యాక్సెలరోమీటర్‌లో ఉంటే ఒక నిమిషంలో దాదాపు 18 మీటర్లు, పది నిమిషాల్లో 1.7 కిలోమీటర్లకు పైగా స్థానం జరుగుతుంది. ఎందుకంటే తప్పు కాలం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి స్పెసిఫికేషన్లో గది ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చిన అంకెను వదిలేసి, మొత్తం ఉష్ణోగ్రతల శ్రేణికి ఇచ్చిన అంకెను చూడండి. అది ఇవ్వకపోతే ఇంకొకటి వెతుక్కోండి.

## బిగించేటప్పుడు

కంపాస్ పక్కన స్టెయిన్‌లెస్ స్టీల్ ఉంటే పర్వాలేదా?

గ్రేడును బట్టి. 304, 316 రకాలు మామూలుగా అయస్కాంతానికి అంటవు. కానీ వాటినే వంచినా, మరలు చుట్టినా ఆ వంపుల దగ్గర కాస్త అయస్కాంత గుణం వస్తుంది. 430 రకమైతే మొదటి నుంచీ అంటుకుంటుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం సురక్షితమే అయినా ఇనుము కలిసిన నాసిరకం ఇత్తడి మోసం చేస్తుంది.

కాబట్టి పేరు చూసి నమ్మొద్దు. బిగించబోయే ప్రతి మరనూ, బ్రాకెట్‌నూ ముల్లుకు దగ్గరగా తెచ్చి ఒకసారి తిప్పి చూడండి. ముల్లు కదిలితే అది పనికిరాదు. కరెంటు తీగలు వెళ్లాల్సి వస్తే పోయే తీగ, వచ్చే తీగ రెండింటినీ మెలిపెట్టి లాగండి. వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్పీకర్లు, అయస్కాంత మూత ఉన్న ఫోను కవర్లు దూరంగా ఉంచండి. చిన్న చేతి దిక్సూచిని అలాంటి కవర్‌తో ఒకే జేబులో వేస్తే ముల్లు ధ్రువాలే తారుమారై ఉత్తరాన్ని దక్షిణంగా చూపే ప్రమాదం ఉంది.

మరి మొత్తం ఇనుముతో కట్టిన ఓడలో కంపాస్ ఎలా పనిచేస్తోంది?

ఓడ అయస్కాంతత్వాన్ని కొలిచి, దానికి ఎదురు అయస్కాంతత్వాన్ని కంపాస్ చుట్టూ పెట్టడం వల్ల. ఓడలో ఇనుము రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. కొంత భాగం శాశ్వత అయస్కాంతంలా ఉంటుంది. కొంత భాగం భూమి క్షేత్రానికి తగ్గట్టు అప్పటికప్పుడు అయస్కాంతమవుతుంది. ఓడ దిశ, అక్షాంశం మారితే ఈ రెండో రకం కూడా మారిపోతుంది. మొదటిదాన్ని చిన్న కడ్డీ అయస్కాంతాలతో, రెండోదాన్ని కంపాస్‌కు రెండు పక్కలా ఉండే మెత్తని ఇనుప గోళాలతో, నిలువుగా నిలబెట్టే ఇనుప కడ్డీతో సరిచేస్తారు. ఆ కడ్డీకి నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ పేరు పెట్టారు. 1838లో ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ ‘రెయిన్‌బో’ అనే ఇనుప ఓడలో ఈ దిద్దుబాటు చేసి చూపాడు. తర్వాత లార్డ్ కెల్విన్ ఆ అమరికను నేటి రూపానికి తెచ్చాడు.

వేడి సంగతి ఇక్కడే వస్తుంది. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం కోల్పోతుంది. చల్లబడుతూ ఆ గీత దాటేటప్పుడు అప్పుడున్న క్షేత్రం ముద్ర దానిమీద పడిపోతుంది. అంటే వెల్డింగ్ చేసిన ప్రతిచోటా ఓడకు కొత్త అయస్కాంతత్వం పుడుతుంది. సుత్తి దెబ్బలు, పిడుగుపాటు, ఒకే దిశలో నెలల తరబడి కట్టేసి ఉంచడం కూడా ఇదే పని చేస్తాయి. అందుకే పెద్ద మరమ్మతు అయ్యాక ఓడను అన్ని దిశలకూ తిప్పి డీవియేషన్ పట్టికను (ఏ దిశలో కంపాస్ ఎంత తప్పు చూపుతుందో చెప్పేది) మళ్లీ రాయాలి. రంగులు కొత్తగా వేసి పట్టిక పాతదే ఉంచే ఓడను నేను నమ్మను.

జీపీఎస్ యాంటెన్నా ఎండలో ఉంటే స్థానం తప్పుతుందా?

మామూలు వాడకంలో తేడా తెలియదు. రిసీవర్ లోపలి గడియారం ఎంత తప్పో కూడా ఉపగ్రహాల సంకేతాల నుంచే లెక్కగడుతుంది కాబట్టి దాని స్ఫటికం వేడెక్కినా స్థానం మీద నేరుగా పడదు. నాలుగు ఉపగ్రహాలు కావాలనడానికి కారణం అదే: మూడు దిక్కుల స్థానానికి మూడు, గడియారం తప్పుకు ఒకటి.

## ప్రయాణంలో

కంపాస్‌లో బుడగ వచ్చింది. పారేయాలా?

బుడగ చిన్నదై, ముల్లుకు తగలకుండా ఉంటే కంగారు పడకండి. లోపలి ద్రవం చలికి ముడుచుకుంటుంది, కొండ ఎక్కితే బయటి ఒత్తిడి తగ్గుతుంది. రెండూ బుడగను పెంచుతాయి. కిందికి దిగి వెచ్చబడ్డాక మాయమైతే పరికరం బాగున్నట్టే. వెచ్చగా ఉన్నా పోకుండా రోజురోజుకూ పెరుగుతుంటే ఎక్కడో ద్రవం కారుతోందని అర్థం. బుడగ ముల్లు కదలికను అడ్డుకుంటుంటే ఆ రీడింగును లెక్కలోకి తీసుకోవద్దు.

పెట్టెలోంచి తీయగానే సెక్స్టంట్‌తో కొలవకూడదంటారు, ఎందుకు?

లోపలి వేడికి అలవాటుపడ్డ చట్రం బయటి గాలికి సర్దుకునే వరకు ఒక్కో భాగం ఒక్కో వేగంతో చల్లబడుతుంది. సన్నని చేయి ముందు, మందపాటి చట్రం తర్వాత. ఆ మధ్యలో చదివిన కోణం నిలకడగా ఉండదు. తేమ గాలిలోకి చల్లని అద్దం వస్తే దాని మీద ఆవిరి పట్టి మసకబారుతుంది కూడా. పావుగంట నీడలో, గాలి తగిలేచోట ఉంచండి. కొలతల మధ్య విరామంలో ఎండలో డెక్కు మీద వదిలేయొద్దు. కొలత అయ్యాక ఇండెక్స్ ఎర్రర్ మళ్లీ చూడండి. ముందు చూసిన అంకెకూ ఇప్పటి అంకెకూ తేడా ఉంటే మధ్యలో తీసిన కొలతలకు సగటు వాడండి.

క్వార్ట్జ్ వాచీ చలిలో వెనకబడుతోంది. ఎండలో పెడితే ముందుకు పోతుందా?

పోదు, ఎండలోనూ వెనకబడుతుంది. వాచీల్లో సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ శూలం 25 డిగ్రీల దగ్గర అత్యంత వేగంగా ఉంటుంది. అటూ ఇటూ ఎటు జరిగినా నెమ్మదిస్తుంది. 5 డిగ్రీలకు దిగినా, 45కు ఎక్కినా రోజుకు దాదాపు 1.2 సెకన్లు వెనకబడుతుంది. చేతికి కట్టుకుంటే మన ఒంటి వేడి దాన్ని ఆ సుఖమైన చోటుకు దగ్గరగా ఉంచుతుంది. కాబట్టి ఖగోళ కొలతలకు వాడే వాచీని తీసి బల్లమీద పెట్టకండి. రాత్రీ పగలూ చేతికే ఉంచండి.

ఓడ క్రోనోమీటర్‌కు అంత రాజభోగం ఎందుకు?

దాని రోజువారీ నడక, అంటే రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందన్నది, మారకూడదు కాబట్టి. 1831లో బయలుదేరిన ‘బీగిల్’ ఓడలో 22 క్రోనోమీటర్లు ఉన్నాయి. వాటిని ఓడ ఊపు తక్కువగా తగిలే చోట, ప్రత్యేకంగా ఒక చిన్న గదిలో, పెట్టెల అడుగున రంపపుపొట్టు పోసి అమర్చారు. ఎప్పుడూ కదిలించేవారు కాదు, రోజూ ఒకే వేళకు కీ ఇచ్చేవారు, ఒకదానితో ఒకటి పోల్చి రాసుకునేవారు. ఒక గడియారం అలవాటు తప్పితే మిగతావి పట్టిస్తాయి.

ఈ జాగ్రత్త వెనక హారిసన్ నాలుగో గడియారం, అంటే హెచ్4 అనుభవం ఉంది. 1761లో జమైకా వెళ్లేటప్పుడు 81 రోజుల్లో అది 5 సెకన్లే తప్పింది. అయితే ఆ అంకె రోజువారీ నడకను తీసేశాక వచ్చింది, ఆ నడక ఎంతో ముందే చెప్పలేదన్న అభ్యంతరం లేచింది. అందుకే 1764లో బార్బడోస్ పరీక్షకు ముందు ఏ ఉష్ణోగ్రతలో నడక ఎంత ఉంటుందో ముందుగానే రాసిచ్చారు. 47 రోజుల తర్వాత తేడా 39 సెకన్లు. 1714లో ప్రకటించిన ఆ పెద్ద బహుమతికి కావాల్సిన దానికంటే మూడు రెట్లు మెరుగు. నాకు ఈ రెండో పరీక్షే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది. అంకె పెద్దదే, కానీ చెప్పి మరీ చేసి చూపించింది.

## రీడింగును లెక్కలోకి తీసుకునేటప్పుడు

సెక్స్టంట్‌లో ఏ లోపమూ లేదు, అయినా ఎండ రోజుల్లో స్థానం తప్పుతోంది. ఎందుకు?

గాలి వంచిన వెలుతురును మీరు చూస్తున్నారు. నాటికల్ ఆల్మనాక్‌లో (సూర్యుడు, నక్షత్రాల స్థానాలిచ్చే నావికుల పుస్తకంలో) వక్రీభవనం పట్టిక 10 డిగ్రీల వేడికి, 1010 మిల్లీబార్ల ఒత్తిడికి వేసింది. క్షితిజం దగ్గర అది దాదాపు 34 కోణ నిమిషాలు. 40 డిగ్రీల వేడిలో గాలి పలచబడి 31కి దగ్గరగా తగ్గుతుంది. ఆ మూడు నిమిషాలు మూడు నాటికల్ మైళ్లు. పది డిగ్రీల ఎత్తున ఉన్న నక్షత్రానికైతే తేడా అర నిమిషమే. కాబట్టి తక్కువ ఎత్తులో కొలవాల్సి వస్తే ఆల్మనాక్‌లోని అదనపు ఉష్ణోగ్రత పట్టికను తప్పక వాడండి.

క్షితిజం కూడా నమ్మదగింది కాదు. నీటి వేడికీ గాలి వేడికీ బాగా తేడా ఉంటే అది ఉన్నచోట కనిపించదు, కాస్త పైకో కిందికో జరిగి కనిపిస్తుంది. దీనికి పట్టిక లేదు. ఎదురెదురు దిక్కుల్లో ఉన్న రెండు నక్షత్రాలను కొలవడం మంచి ఉపాయం. రెండింటికీ ఒకే తప్పు వస్తే స్థానరేఖలు (ఒక్కో కొలత మ్యాపు మీద ఇచ్చే గీతలు) చెరో పక్కకు జరుగుతాయి, నిజమైన స్థానం వాటి మధ్యన ఉంటుంది.

చలిలో ఆల్టీమీటర్ ఎక్కువ ఎత్తు చూపితే అది పాడైనట్టా?

కాదు. అది కొలిచేది ఒత్తిడినే, ఎత్తును ఊహిస్తుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున తగ్గే గాలి ఉంటుందన్నది ఆ ఊహ. గాలి అంతకంటే చల్లగా ఉంటే ముడుచుకుని దట్టంగా ఉంటుంది. కొద్ది ఎత్తులోనే ఒత్తిడి ఎక్కువగా పడిపోతుంది. పరికరం దాన్ని ఎక్కువ ఎత్తుగా చదువుతుంది. ప్రమాణం కంటే ప్రతి 10 డిగ్రీల చలికి సుమారు 4 శాతం తేడా అన్నది పైలట్లు వాడే గుర్తు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పట్టిక ప్రకారం విమానాశ్రయంలో మైనస్ 30 డిగ్రీలుంటే, దాని మీద 1000 అడుగుల కనీస ఎత్తుకు మరో 190 అడుగులు కలిపి ఎగరాలి. పక్కన కొండ ఉంటే ఆ 190 అడుగులే ప్రాణం.

పరికరంలో గాలి తీసేసిన పలచని బెరిలియం రాగి డబ్బీ ఉంటుంది. వేడికి దాని బిగువు మారే తప్పును లోపలి ద్విలోహ పట్టీ సర్దుతుంది. అందుకే బయటి గాలి తెచ్చే తప్పే మనకు మిగులుతుంది. కొండలెక్కేవాళ్లు ఎత్తు తెలిసిన చోటల్లా ఆల్టీమీటర్‌ను సరిచేసుకుంటూ పోతే చాలు.

ఎకో సౌండర్ (శబ్దం పంపి లోతు కొలిచే పరికరం) చూపే లోతులో నీటి వేడి ఎంత తేడా తెస్తుంది?

చాలా పరికరాలు నీటిలో శబ్దం సెకనుకు 1500 మీటర్లు వెళుతుందని లెక్కేస్తాయి. గడ్డకట్టేంత చల్లని సముద్రపు నీటిలో అది సుమారు 1450. అప్పుడు తెర మీద 50 మీటర్లని చూపితే అసలు లోతు 48 మీటర్ల పైచిలుకే. లోతు ఎక్కువ ఉందని చెప్పే తప్పు కాబట్టి ఇది ప్రమాదకరమైన వైపు తప్పు. వెచ్చని ఉష్ణమండల సముద్రంలో శబ్దం ఇంకా వేగంగా వెళ్లి, ఉన్నదానికంటే తక్కువ లోతు చూపిస్తుంది. అడుగు తగిలే భయం అక్కడ తక్కువ. చల్లని మంచినీటిలోనూ శబ్దం నెమ్మదే. వేగం మార్చుకునే వీలున్న పరికరమైతే ఆ నీటికి తగ్గట్టు మార్చండి.

విమానాల్లో జైరోను గాజులో తొలుస్తారని విన్నాను, నిజమేనా?

దాదాపు నిజమే. రింగ్ లేజర్ జైరోలో కాంతి ఒక మూసిన దారిలో రెండు దిశల్లో పరుగెడుతుంది. విమానం తిరిగితే ఆ రెండు కాంతుల పౌనఃపున్యాల్లో కొంచెం తేడా వస్తుంది. ఆ దారి పొడవు నిలకడగా ఉండాలి. అందుకే దాన్ని జెరోడూర్ లాంటి గాజు సిరామిక్ దిమ్మెలో తొలుస్తారు. మామూలు ఉష్ణోగ్రతల్లో దాని వ్యాకోచం దాదాపు సున్నాయే. దానికి మరో మంచి గుణం, లోపల నింపే హీలియం వాయువును బయటికి పోనివ్వదు. మామూలు గాజు మెల్లగా వదిలేస్తుంది. ఇంత చేసినా జైరోలు, యాక్సెలరోమీటర్లతో స్థానం లెక్కగట్టే విమానంలోని జడత్వ వ్యవస్థకు బయటి సాయం లేకపోతే, అది చూపే స్థానం గంటకు ఒక నాటికల్ మైలు దాకా జరుగుతుంది.

జీపీఎస్ ఉండగా ఇవన్నీ ఎందుకు?

జీపీఎస్ కూడా ఈ లెక్కల మీదే నిలబడింది. కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు వెళుతుంది. కాబట్టి ఉపగ్రహాల్లోని రుబీడియం, సీజియం పరమాణు గడియారాల ఉష్ణోగ్రతను జాగ్రత్తగా కాపాడతారు. చేతిలోని రిసీవర్‌లో ఉష్ణోగ్రతకు దిద్దిన స్ఫటికం ఉంటుంది. ఆ స్ఫటికం పది లక్షల్లో ఒక వంతు తప్పినా ఉపగ్రహ సంకేతాన్ని వెతకాల్సిన పౌనఃపున్యం 1,575 హెర్ట్జ్ జరుగుతుంది, ఆన్ చేశాక స్థానం దొరకడం ఆలస్యమవుతుంది. సంకేతాలను అడ్డుకున్నా, బ్యాటరీ చలికి చచ్చినా మిగిలేది దిక్సూచి, వాచీ, మీ లెక్క.

## దాచేటప్పుడు

కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఏమవుతుంది?

మూసిన కారులో ఎండ పడే డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటగలదు. దిక్సూచి ద్రవం వ్యాకోచించి అతుకులు తెరుచుకోవచ్చు, చల్లబడ్డాక ఆ సందులోంచి గాలి చేరి శాశ్వతంగా బుడగ మిగులుతుంది. ప్లాస్టిక్ చట్రం ఒక్కసారి మెత్తబడి వంగితే మళ్లీ తిన్నగా రాదు. అద్దాలను పట్టుకున్న జిగురు జారుతుంది. ఏ పరికరమైనా సరే అక్కడ వదలొద్దు.

పాత క్రోనోమీటర్‌కు నేనే నూనె వేయవచ్చా?

వద్దు. ఎక్కడ వేయకూడదో తెలియడమే ఆ పనిలో సగం. చక్రాలను ఆపి ఆపి వదిలే డిటెంట్ అనే భాగానికి నూనె తగిలితే గడియారం నడక పాడవుతుంది. పాత నూనె జిగటగా మారి ఉంటే దాని మీద కొత్తది వేయడం వల్ల లాభం లేదు, విప్పి కడగాల్సిందే. అప్పటిదాకా కీ ఇవ్వకుండా, బ్యాలెన్స్ కదలకుండా సన్నని కార్కు ముక్కలు పెట్టి, వేడి పెద్దగా మారని అలమారలో ఉంచండి.